సూదిమందు – సలుపు – ఉపశమనము
(అండమాను ద్వీపముల వైద్యచరిత్రలో ఒక ప్రకరణము)

ముల్లును ముల్లుతోనే తీయవలెనని మన పెద్దలు చెప్పిరి. వైద్యశాస్త్రమున ఈ లోకోక్తికి సూదిమందుకంటె చక్కని ఉదాహరణము లేదు. రోగమను ముల్లును తీయుటకు వైద్యుడు సూదియను ముల్లును చేతబట్టును. అది దిగిన చోట రెండు దినములు సలుపు. చేయి పైకెత్తనీయదు, ఆ ప్రక్కకు తిరిగి పండుకొననీయదు. ఇది మిక్కిలి స్వల్పమైన బాధయే. అయినను ఈ స్వల్పబాధకు వెఱచి టీకాకు దూరమైనవారును, ఆ దూరమువలన ప్రాణములు పోగొట్టుకొన్నవారును చరిత్రలో కోకొల్లలు. కావున సూది వేయించుకొన్న పిమ్మట కలుగు నొప్పి, దాని ఉపశమనము అనునవి వంటింటి చిట్కాలకు మాత్రమే సంబంధించిన విషయములు కావు. ప్రజలకును వైద్యమునకును మధ్యగల విశ్వాసము వానిపై ఆధారపడియున్నది. సముద్రమధ్యమున చెదరియున్న అండమాను నికోబారు ద్వీపములలో ఈ సత్యము మరింత స్పష్టముగా గోచరించును.

విచిత్రమేమనగా సూది పుట్టినది నొప్పిని పోగొట్టుటకే. 1844లో డబ్లిన్ నగరమున ఫ్రాన్సిస్ రిండ్ అను వైద్యుడు నరముల పోటుతో బాధపడు రోగికి చర్మము క్రిందుగా మందును చేర్చెను. 1853 ప్రాంతమున ఎడింబరోలో అలెగ్జాండర్ వుడ్ సిరంజి సహాయమున నొప్పియున్న చోటనే మత్తుమందును ఎక్కించెను. అదే కాలమున ఫ్రాన్సుదేశమున చార్లెస్ ప్రవాజ్ వేరొక విధమైన సిరంజిని నిర్మించెను. మందు కడుపులోనికి పోనక్కరలేకయే రక్తమున కలియుటయు, నిమిషములలో బాధ శమించుటయు నాటి వైద్యులకు అద్భుతముగా తోచెను. అనతికాలమున ఆ సూదియే సర్వరోగములకును మందు మోయు వాహనమయ్యెను. బాధను మాన్పుటకు వచ్చినది తానే బాధాకారణమగుట అప్పటినుండియే ఆరంభమయ్యెను.

సిరంజి వాడుకలోనికి వచ్చిన అయిదేండ్లకు, 1858 మార్చి 10వ తేదీన, 200 మంది ఖైదీలతో ఒక నౌక పోర్ట్‌బ్లెయిర్ రేవు చేరెను. 1857 నాటి స్వాతంత్ర్య సమరమున పట్టుబడినవారిని ప్రవాసమునకు పంపుటకై స్థాపించిన ఆ వలసకు తొలి సూపరింటెండెంటు జేమ్స్ ప్యాటిసన్ వాకర్. అతడు వృత్తిచే వైద్యుడు. అతనికి ముందే 1789లో ఆర్చిబాల్డు బ్లెయిరు చాతాం ద్వీపమున నెలకొల్పిన వలస ఉత్తర అండమానునకు తరలి, అచ్చట జ్వరములకును మరణములకును తాళజాలక 1796లో మూతపడినది. కావున ఈ ద్వీపములలో పాలనయొక్క జయాపజయములు మొదటినుండియు వైద్యముతో ముడిపడియేయున్నవి. 1912లో ఎస్. ఆర్. క్రిస్టఫర్స్ అండమానులలోని మలేరియానుగూర్చి ప్రకటించిన నివేదికలో, ఉప్పునీటి బురదలలో పెరుగు ఒకజాతి దోమయే ఆ జ్వరమునకు మూలమనియు, అట్టి బురదలకు దగ్గరనున్న బస్తీలలోనే జ్వరము విస్తారముగా ఉన్నదనియు నిరూపించెను.

మలేరియాకు నాటి మందు క్వినైను. నోటితో మ్రింగిన అది పరమ చేదు. కండలోనికి ఎక్కించిన నిప్పు. క్వినైను సూది వేసిన చోట కండ గట్టిపడుట, చీముపట్టుట, ఒక్కొక్కచో కండభాగము చచ్చిపోవుట వైద్యులు ఎరిగినదే. పిరుదులో తప్పుచోట సూది దిగినచో తుంటినరము దెబ్బతిని పాదము వ్రేలాడుటయు కలదు. తరువాతి కాలమున క్లోరోక్విను మాత్రలు వచ్చి ఈ బాధను చాలవరకు తప్పించినవి. సూదినొప్పికి ఉత్తమమైన ఉపశమనము అనవసరమైన సూదిని మానుటయే యని చరిత్ర చెప్పిన తొలి పాఠమిది.

సూది తరువాతి నొప్పి ప్రజాజీవితమున పెద్ద ప్రశ్నయై నిలిచినది 1897లో. బొంబాయిలో మహామారి ప్రబలియున్న ఆ దినములలో వాల్డెమార్ హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు ప్లేగుటీకాను సిద్ధపరచి, 1897 జనవరి 10న తొలుత తన శరీరమునకే ఎక్కించుకొనెను. జ్వరము వచ్చెను, సూది దిగిన చోట నొప్పి కలిగెను. ఆ బాధను తాను స్వయముగా అనుభవించి, టీకా ప్రమాదకరము కాదని నిర్ధారించుకొన్న పిమ్మటనే బైకుల్లా చెరసాలలో అంగీకరించిన ఖైదీలకు వేయించెను. ఆనాటి ప్లేగుటీకా నేటి టీకాలవలె సౌమ్యమైనది కాదు. వేయించుకొన్నవారికి జ్వరము, భుజమున వాపు, చేయి కదలని సలుపు కలుగుచుండెను. ఇంటిపట్టున కూర్చుండగల వానికి ఇది రెండు దినముల అసౌకర్యము మాత్రమే. రెక్కాడిన గాని డొక్కాడని కూలివానికో, రెండు దినముల కూలి పోవుట పిల్లలు పస్తుండుట. టీకాను కాదనిన ప్రతివానిని మూఢుడని నిందించుట సులభము. అతని లెక్కలోని న్యాయమును గుర్తించినపుడే అతనిని ఒప్పించు మార్గము దొరకును.

నొప్పిపై భయమునకు తోడు 1902లో ఒక ఘోరము సంభవించినది. పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున అక్టోబరు 30న ఒకే సీసాలోని ప్లేగుటీకా వేయించుకొన్న 19 మంది ధనుర్వాతముచే మరణించిరి. నింద హాఫ్‌కిన్‌పై పడెను. దోషము టీకాను తయారుచేయుటలో లేదనియు, గ్రామమున సీసా తెరచినపుడు కలిగిన అశుభ్రతయే కారణమై ఉండవచ్చుననియు పలువురు శాస్త్రజ్ఞులు వాదించి 1907 నాటికి అతనిని నిర్దోషిగా నిలిపిరి. మందు ఎంత మేలైనదైనను దానిని మోయు సూదియు, మూతతీయు చేయియు శుభ్రముగా లేనిచో అమృతమే విషమగునని ఈ దుర్ఘటన లోకమునకు తెలిపెను.

తెలుగునాటికి వత్తము. మశూచిటీకా మన తాతల తరమువారి దండచేతులపై చెరగని ముద్రలను వేసినది. టీకా పొక్కి, జ్వరము వచ్చి, పక్కుకట్టి రాలువరకు ఇంటిలో వేపాకు, పసుపు, చల్లని ఆహారము – అమ్మవారికి చేయు మర్యాదలన్నియు టీకాకును జరిగెడివి. 1948లో క్షయనివారణకై బి.సి.జి. టీకా భారతదేశమున ప్రవేశించినపుడు మొదట వేసిన కేంద్రములలో చిత్తూరు మండలమున అప్పుడుండిన మదనపల్లె ఆరోగ్యవరము శానటోరియము ఒకటి. మద్రాసులోని గిండీలో ఆ టీకాను తయారుచేయు ప్రయోగశాలయు ఆ సంవత్సరముననే వెలసెను. బి.సి.జి.పై అనుమానము సామాన్యులకే పరిమితము కాలేదు. 1955లో చక్రవర్తి రాజగోపాలాచారిగారంతటి మేధావి దానిని బహిరంగముగా వ్యతిరేకించిరి.

ఈ టీకా స్వభావము తక్కినవానికి భిన్నము. వేసిన నాడు నొప్పి స్వల్పము. కొన్ని వారములకు చిన్న బొడిపె లేచి, మెత్తపడి, పుండై, తనంతట తాను మాని మచ్చ మిగులును. తల్లులు దీనిని చూచి కలతపడి కాపడము పెట్టుటయు, లేపనములు పూయుటయు కలదు. అవి అక్కరలేదు. ఆ పుండును శుభ్రముగా, పొడిగా విడిచిపెట్టుటయే దానికి చికిత్స. ఇది జరుగునని ముందుగా చెప్పిన తల్లి భయపడదు. చెప్పని తల్లి తరువాతి టీకాకు బిడ్డను తీసికొనిరాదు.

బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను మాట ఒకప్పుడు ఆంధ్రదేశమున పిల్లలను బెదరించు మంత్రము. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపిల్ రూపొందించిన పిచ్చికుక్కకాటు టీకాను గొఱ్ఱెమెదడునుండి తయారుచేసెడివారు. మోతాదు పెద్దదగుటచే దానిని పొట్టపై దినమునకొక సూదిగా వేసెడివారు. పొట్ట వాచి, నడుము వంచలేక రోగులు పడిన బాధ వర్ణనాతీతము. 2004–05 ప్రాంతమున భారతదేశము ఈ టీకాను పూర్తిగా విడిచిపెట్టినది. నేటి టీకాలు భుజమున కొలది సూదులతో సరిపోవును. అండమాను నికోబారు ద్వీపములను పిచ్చికుక్క వ్యాధి లేని ప్రాంతముగా వైద్యులు లెక్కించుటచే ఇచ్చటివారికి ఆ భయము మొదటినుండియు తక్కువ. అంతమాత్రమున, ముఖ్యభూమికి సెలవుపై పోయినపుడు కుక్క కరచినచో, పాత కథలకు వెఱచి ఆసుపత్రికి పోకుండుట ప్రాణాంతకము.

1940వ దశకమున పెన్సిలిన్ వచ్చెను. తొలిదినములలో మూడేసి గంటలకొక సూది అవసరమగుచుండెను. దానిని ప్రొకేయిను అను తిమ్మిరిమందుతో జతపరచుటచే మందు కండలో మెల్లగా కరగుటయు, నొప్పి కొంత తగ్గుటయు జరిగెను. పిమ్మట ఒక్క సూదితో వారములు పనిచేయు బెంజతీన్ పెన్సిలిన్ వచ్చినది. అది చిక్కనిది, పిరుదులో దిగినపుడు పహిల్వానుకైనను కన్నీరు తెప్పించునది. అయినను ఆ ఒక్క సూదియే గోదావరీ మన్యమునను, ఆదిలాబాదు అడవులలోను గిరిజన శిశువుల చర్మమును, ఎముకలను తినివేయుచుండిన యాస్ వ్యాధిని తుడిచిపెట్టినది. 1952లో ఆరంభమైన సూదిమందు ఉద్యమము నడుమ మందగించి 1996లో మరల ఊపందుకొనెను. 2003 తరువాత క్రొత్తరోగి కానరాలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశమును యాస్ వ్యాధిరహితముగా ప్రకటించినది. కొన్ని క్షణముల నొప్పికి ప్రతిఫలము ఒక తరముయొక్క విముక్తి.

నొప్పిలేని మార్గమునకై వైద్యశాస్త్రము చేసిన అన్వేషణలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించిరి. అచ్చట వెలువడిన ఆరియోమైసిన్ నోటితో మ్రింగదగిన సూక్ష్మజీవనాశక ఔషధము. అచ్చటనే బోదకాలు వ్యాధికి హెట్రజాన్ మాత్ర సిద్ధమైనది. ఆయన 1948లో కీర్తిశేషులైరి. ఆయన పేరెరుగని నికోబారు ద్వీపవాసికిని ఆ మాత్రతో సంబంధము కలదు. నన్‌కౌరీ ద్వీపసముదాయమున పగటిపూట కుట్టు దోమలవలన వ్యాపించు ఒకవిధమైన బోదవ్యాధి కలదు. దాని నివారణకై ఆ మందును వంట ఉప్పులో కలిపి ఇంటింటికి అందించు ప్రయత్నము జరిగినది. సూదియును లేదు, సలుపును లేదు, అన్నముతోపాటు ఔషధము! భీమవరపు బిడ్డ మేధస్సు నన్‌కౌరీ వంటింటి ఉప్పులో కరగుట తెలుగువారు గర్వింపదగిన సంగతి.

గాజు సిరంజులకాలమును ఎరిగినవారు నేటికిని కలరు. నర్సు స్టీలు డబ్బాలో నీరు మరగించి, సిరంజిని, సూదులను ఉడికించి, పటకారుతో తీయుచుండగా వరుసలో నిలిచిన బాలుర గుండెలు దడదడలాడెడివి. ఒకే సూది పలువురి శరీరములలో దిగి మొద్దుబారెడిది. దానిని సానరాతిపై నూరి మరల వాడెడివారు. నాటి నొప్పిలో సగము మందుది కాదు, మొద్దుసూదిది. సరిగా ఉడకని సూది నొప్పినేగాక రోగమునుగూడ మోసికొనిపోయెడిది. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ సిరంజులును, రెండవసారి వాడ వీలుకాని సిరంజులును వచ్చి ఈ ముప్పును తగ్గించినవి. భారతప్రభుత్వము 2005 తరువాత టీకాకార్యక్రమమున ఈ రెండవ రకమును ప్రవేశపెట్టినది.

ఈ మార్పు విలువను ద్వీపములవారు బాగుగా గుర్తింపవలసియున్నది. 1983లో పోర్ట్‌బ్లెయిరునందు నెలకొన్న ప్రాంతీయ వైద్యపరిశోధనా కేంద్రము జరిపిన పరిశీలనలలో నికోబారీలు, షాంపెనులు, జారవాలు మొదలగు గిరిజనులలో హెపటైటిస్–బి అను కామెర్ల వైరసు మిక్కిలి అధికముగా ఉన్నట్లు బయల్పడెను. ఆ వైరసు వ్యాపించు మార్గములు పెక్కు. శుభ్రముకాని సూది వానిలోనొకటి. దానిని నివారించు టీకాయు సూదిద్వారానే వేయవలెను. ఒకే సూది ఒకచోట శత్రువు, మరియొకచోట రక్షకుడు. జ్వరము వచ్చినదే తడవుగ "సూది వేయుడు, లేనిచో తగ్గదు" అని వైద్యుని ఒత్తిడిచేయు అలవాటు మనలో నేటికిని కలదు. మాత్రతో పోవు రోగమునకు సూదిని కోరుట, టీకాసూదికి వెనుదీయుట – ఈ రెండును ఒకే అజ్ఞానమునకు రెండు ముఖములు.

టీకా లేని కాలమున ద్వీపములకు జరిగిన నష్టమును తలచుకొన్నచో భుజముసలుపు ఎంత స్వల్పమో బోధపడును. 1877లో పోర్ట్‌బ్లెయిరునందు పొంగు వ్యాధి ప్రవేశించి గ్రేట్ అండమానీలలోనికి ప్రాకెను. ముఖ్యభూమి బిడ్డలకు వారము దినముల జ్వరమైన ఆ వ్యాధి, దానిని ఎన్నడు ఎరుగని ఆ జాతిని ఊచకోతకోసెను. వేలసంఖ్యలో ఉండిన ఆ జనులు నేడు పదులసంఖ్యలో మిగిలియున్నారు. 1999లో జారవాలలో పొంగు వ్యాపించినపుడు కథ వేరుగా నడచినది. కదంతలా ఆరోగ్యకేంద్రమునందును, పోర్ట్‌బ్లెయిరు గోవింద వల్లభ పంతు ఆసుపత్రియందును వారికి చికిత్స లభించి, 1877 నాటి విపత్తు పునరావృతము కాలేదు. మన బిడ్డలకు సకాలమున పొంగుటీకా వేయించుట మన ఇంటి రక్షణ మాత్రమే కాదు. మన పొరుగున అడవిలోనున్న ఆ చిన్న జాతుల రక్షణయు అందులో ఇమిడియున్నది.

2021లో కోవిడు టీకాతో ఈ చరిత్ర మన కన్నులయెదుటికి వచ్చెను. జనవరి 16న దేశమంతటితోపాటు ద్వీపములలోను టీకా ఆరంభమయ్యెను. ఉత్తరమున దిగ్లీపూరునుండి దక్షిణమున కేంప్‌బెల్ బే వరకు 800 కిలోమీటర్లు వ్యాపించిన 836 ద్వీపముల సముదాయమిది. మంచుపెట్టెలలో టీకాను పడవలపై, హెలికాప్టరులపై మోసికొనిపోయి, కోవిషీల్డు ఒక్కదానితోనే ఆ డిసెంబరు నాటికి అర్హులైన పెద్దలందరికి రెండు మోతాదులు పూర్తిచేసితిమని పరిపాలన ప్రకటించెను. 2011 జనాభాలెక్కలలో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగాగల ఈ ద్వీపములలో, శ్రీకాకుళము, విశాఖపట్టణముల నుండి వలసవచ్చిన మత్స్యకారులకు చేయియే జీవనాధారము. వలలాగు చేయి రెండు దినములు నొచ్చునన్న చింత వారికి సహజము. అట్టివానికి "ఏమియు కాదు, పొమ్ము" అని చెప్పుటకంటె, "రెండు దినములు నొచ్చును, మూడవదినమున తగ్గును, వలవేయని చేతికి వేయించుకొనుము" అని చెప్పుట ఎంతో మేలు.

ఈ నొప్పికి కారణమేమి? సూది కండపోగులను కొంత చీల్చును. ఎక్కించిన ద్రవము కణజాలమును ఒత్తును. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి. టీకాను పరాయివస్తువుగా గుర్తించి శరీరపు రక్షకకణములు అచ్చటికి పరుగెత్తుకొనివచ్చును. రక్తనాళములు విప్పారి, ఆ చోట ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలుగును. కొన్ని టీకాలలో శరీరమును మేల్కొలుపుటకై అల్యూమినియపు లవణములను కలుపుదురు. అట్టివి కొంచెము ఎక్కువగా నొచ్చును. కావున ఈ సలుపు సాధారణముగా శరీరము పాఠము నేర్చుకొనుచున్నదనుటకు గుర్తు. నొప్పి లేనిచో టీకా పనిచేయలేదని మాత్రము తలపరాదు. శరీరములు వేరు, స్పందనములు వేరు.

ఉపశమన విధానములు సులభమైనవే. సూది తీసిన పిమ్మట దూదితో మెల్లగా అదుముట చాలును, గట్టిగా రుద్దరాదు. చల్లని నీట తడిపి పిండిన శుభ్రమైన గుడ్డను ఆ చోట కొలదిసేపు వేయవచ్చును. చేతిని కదల్పక కట్టిపెట్టుకొనినచో బిగువు పెరుగును. మామూలు పనులతో మెల్లగా ఆడించుచుండవలెను. నొప్పియు జ్వరమును బాధించినచో వైద్యుడు చెప్పిన మోతాదున పారసెటమాల్ వేసికొనవచ్చును. పసిపిల్లలకు నొప్పి రాకమునుపే ముందుజాగ్రత్తగా దానిని వేయుట తగదు. 2009లో ప్రకటితమైన ఒక పరిశోధనలో అట్లు చేసిన శిశువులలో టీకాశక్తి కొంత తగ్గినట్లు తేలెను. ఉప్పుమూటతో కాపడము, వెచ్చచేసిన ఆముదపుటాకు మనవారికి అలవాటైన ఉపాయములు. వాపు, వేడి అధికముగానున్న తొలిదినమున వేడి కాపడము మేలుచేయదు. సూదిరంధ్రముపై బూడిద, సున్నము, పసరు మొదలగునవి పూయుట ధనుర్వాతాది ప్రమాదములను ఆహ్వానించుటయే.

బిడ్డలవిషయమున ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో చేసిన సూచనలు మన అమ్మమ్మలకు క్రొత్తవి కావు: సూదివేయునపుడు తల్లి ఒడిలో నిటారుగా పట్టుకొనుము, పాలిమ్ము, ఎదిగిన బిడ్డకు మాటలతో మనసు మరలింపుము. ఒకేనాడు పెక్కు సూదులున్నచో మిక్కిలి నొచ్చుదానిని చివర వేయవలెనని వైద్యసిబ్బందికి హితవు చెప్పినది. పసివారికి పిరుదునగాక తొడప్రక్కన వేయుటయు తుంటినరమును కాపాడుటకే. ఎరుపు, వాపు రెండుమూడు దినముల పిమ్మట తగ్గక పెరుగుచున్నను, చీము పట్టినను, జ్వరము విడువకున్నను, చేతికాళ్లు తిమ్మిరెక్కి పట్టుతప్పినను గృహవైద్యముతో కాలము గడపరాదు. టీకా వేసిన వెంటనే ఊపిరి ఆడకుండుట, ఒడలంతయు దద్దురులెక్కుట ఆపదకు చిహ్నములు. అందుకే అరగంటసేపు కేంద్రముననే కూర్చుండబెట్టుదురు. ఇంటికి పోవు తొందరలో ఆ అరగంటను దాటవేయరాదు.

1796లో జ్వరములకు ఓడి మనుష్యులు విడిచిపోయిన ద్వీపములివి. 2024 సెప్టెంబరునుండి శ్రీవిజయపురమను పేర పరగుచున్న ఆ పోర్ట్‌బ్లెయిరుననే నేడు వైద్యకళాశాల, పరిశోధనాకేంద్రము, పెద్ద ఆసుపత్రి వెలసియున్నవి. ఈ మార్పులో నౌకలకు, రహదారులకు, ఉత్తరువులకు ఎంత భాగము కలదో, ఒక చిన్నసూదికిని అంత భాగము కలదు. ఆ సూది దిగిన చోటి సలుపును తక్కువచేసి మాటాడక, దాని నిజస్వరూపమును తెలిపి, దానికి తగిన ఊరటను చూపు నర్సమ్మ ఒక్క సూదితో ఇద్దరిని రక్షించును. ఎదుట కూర్చున్నవానిని టీకాతో రక్షించును. అతని మాట విని రేపు రాబోవువానిని విశ్వాసముతో రక్షించును.